తూర్పున కుండపోత.. పడమట ఎదురుచూపు
జిల్లాలో అత్యధిక వర్షం ఎక్కడ? తేల్చేది కొండలే

చిత్తూరు: బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త వెలువడగానే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో రెండు రకాల చూపులు ఆకాశం వైపు మళ్లుతాయి. సత్యవేడు, వరదయ్యపాళెం, శ్రీకాళహస్తి ప్రాంతాల వారు ఏ వాగు పొంగుతుందో, ఏ కల్వర్టుపై రాకపోకలు నిలిచిపోతాయోనని చూస్తారు. తంబళ్లపల్లె, ములకలచెరువు, పెద్దతిప్పసముద్రం రైతులు ఆ మేఘం తమ పొలం దాకా వస్తుందా అని చూస్తారు. మరునాడు ఉదయం మండలాల వారీగా వర్షపాతం జాబితా విడుదలవుతుంది. తూర్పున మూడంకెల సంఖ్యలుంటాయి. పడమట చాలాసార్లు ఒక అంకె, కొన్నిసార్లు సున్నా.

ఉత్తరాదిన హిమాచల్‌ప్రదేశ్ వంటి చోట్ల శీతకాలం వచ్చిందంటే ఏ ఊళ్లో ఎన్ని అడుగుల మంచు పడిందన్న లెక్క నడుస్తుంది. చిత్తూరు జిల్లాలో అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో నడిచే లెక్క వానది. ఏటా ఆ పోటీలో ముందుండే పేర్లు దాదాపు అవే. తమిళనాడు సరిహద్దును ఆనుకుని సముద్రానికి చేరువగా ఉన్న సత్యవేడు మూల, శేషాచలం కొండపైన ఉన్న తిరుమల, వాటి నడుమ శ్రీకాళహస్తి, తొట్టంబేడు, బుచ్చినాయుడుకండ్రిగ, నాగలాపురం, పిచ్చాటూరు, కేవీబీపురం మండలాలు. చివర నిలిచేవి కూడా దాదాపు అవే. అనంతపురం సరిహద్దు వైపున్న పడమటి మండలాలు. అదృష్టం మాట అటుంచితే దీనికి స్పష్టమైన భౌగోళిక కారణాలున్నాయి.

ఒకే జిల్లా.. రెండు అంతస్తులు

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి చిత్తూరు, తిరుపతి, పలమనేరు ప్రాంతాలను, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను తీసి, కొన్ని జమీందారీ ప్రాంతాలతో కలిపి కూర్చారు. ఆ కూర్పులోనే రెండు వేర్వేరు వాతావరణాలు ఒక కలెక్టరు కిందికి వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు సత్యవేడు, శ్రీకాళహస్తి, తిరుపతి కొత్త తిరుపతి జిల్లాలోకి, మదనపల్లె, పీలేరు, తంబళ్లపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. అయినా వాన గురించి మాట్లాడుకునేటప్పుడు 66 మండలాల పాత జిల్లాను ఒకే పటంగా చూడటమే సౌకర్యం. ఒక చోట ఎందుకు కురిసింది, మరోచోట ఎందుకు కురవలేదు అన్నది అప్పుడే తెలుస్తుంది.

ఆ పటాన్ని పక్కనుంచి చూస్తే మెట్లలా కనిపిస్తుంది. శ్రీకాళహస్తి సముద్రమట్టానికి వంద మీటర్ల ఎత్తు కూడా లేదు. తిరుపతి సుమారు 160 మీటర్లు, చిత్తూరు సుమారు 300 మీటర్లు. అక్కడి నుంచి ఘాట్‌రోడ్లు మొదలవుతాయి. బెంగళూరు రహదారిలో మొగిలి ఘాట్ ఎక్కితే పలమనేరు, తిరుపతి-మదనపల్లె రహదారిలో భాకరాపేట ఘాట్ ఎక్కితే పీలేరు వైపు మెట్ట ప్రాంతం వస్తాయి. పలమనేరు, కుప్పం, మదనపల్లె, పుంగనూరు దాదాపు 700 మీటర్ల ఎత్తులో, మైసూరు పీఠభూమికి కొనసాగింపుగా ఉంటాయి. జిల్లా వాసులు కింది భాగాన్ని తూర్పు మండలాలని, ఘాట్ పైభాగాన్ని పడమటి మండలాలని వ్యవహరించడం తరాల నుంచి వస్తున్న వాడుక. వాతావరణ శాస్త్రం చెప్పేదీ ఇంచుమించు ఆ విభజననే.

జిల్లా మొత్తానికి ఏడాది సగటు వర్షపాతం 900 మి.మీ. పైచిలుకు. నైరుతి రుతుపవన కాలంలో సుమారు 440 మి.మీ., ఈశాన్య కాలంలో సుమారు 400 మి.మీ. కురుస్తుందని ప్రభుత్వ లెక్కలు చాలాకాలంగా చెబుతున్నాయి. పొరుగున ఉన్న అనంతపురానికి ఏడాది మొత్తం మీద దక్కేది 550 మి.మీ. ప్రాంతమే. అందుకే చిత్తూరును రాయలసీమలో అదృష్టవంతమైన జిల్లాగా లెక్కిస్తుంటారు. ఈ మాట తూర్పు మండలాలకు చెల్లుతుంది. వాటిలో చాలా చోట్ల సగటు వెయ్యి మి.మీ. దాటుతుంది. తంబళ్లపల్లె వైపు అది 700 మి.మీ.కు అటూ ఇటూగా ఉంటుంది. ఆ రెండింటినీ కలిపి భాగిస్తే వచ్చే 900 మి.మీ. వర్షం నిజానికి ఏ రైతు పొలంలోనూ కురవలేదు.

సముద్రం నుంచి కొండ దాకా

అక్టోబరు రెండో పక్షం నాటికి నైరుతి గాలులు వెనుదిరుగుతాయి. గాలి దిశ మారి ఈశాన్యం నుంచి వీస్తుంది. ఆ గాలి బంగాళాఖాతం మీదుగా రావడంతో తేమను నింపుకొంటుంది. దానికి తోడు సముద్రంలో అల్పపీడనాలు, వాయుగుండాలు, తుపానులు ఏర్పడే కాలం కూడా ఇదే. అవి సాధారణంగా పడమర, వాయవ్య దిశలుగా కదులుతూ తమిళనాడు ఉత్తర తీరం, ఆంధ్ర దక్షిణ తీరం వైపు వస్తాయి. చెన్నై, పులికాట్, నెల్లూరు తీరం తొలి దెబ్బ తింటే, వాటి వెనుకనే ఉన్న సత్యవేడు, వరదయ్యపాళెం రెండో వరుసలో ఉంటాయి. నడుమ అడ్డుకునే ఎత్తయిన కొండలు లేవు. సముద్రం మీద తయారైన మేఘం ఆ మూలకు దాదాపు చెక్కుచెదరకుండా చేరుతుంది. అక్కడ ఏడాది వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే కురవడానికి కారణమిదే.

అక్కడి నుంచి మేఘం పడమరకు కదిలితే నగరి కొండలు, వాటికి పైన శేషాచలం ఎదురవుతాయి. తేమగాలి కొండను తాకి పక్కకు పోలేక పైకి లేస్తుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది. చల్లని గాలి తేమను పట్టుకోలేదు. చల్లని నీళ్ల చెంబు బయటి గోడకు చెమ్మ పట్టినట్లే, ఆ తేమ నీటి బిందువులుగా మారి కొండ వాలు మీదనే కురిసిపోతుంది. సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉన్న తిరుమలలో, కింద తిరుపతిలో కంటే వాన గట్టిగా ఉండే రోజులు అందుకే ఎక్కువ. తిరుమలలోని గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార జలాశయాలు నిండేదీ ప్రధానంగా ఈ వానలతోనే. కపిలతీర్థం జలపాతం నవంబరులో ఉగ్రరూపం దాల్చడం తిరుపతి వాసులకు కొత్త దృశ్యం కాదు.

శేషాచలం, దాని దక్షిణాన ఉన్న కొండల వరుస దాటేసరికి మేఘం చాలావరకు ఖాళీ అవుతుంది. అవతలి వైపు దిగే గాలి వేడెక్కి పొడిబారుతుంది. కొండకు ఇవతల వరద హెచ్చరిక ఉన్న రోజునే అవతల రైతు తుంపర చూసి పంపుసెట్టు ఆన్ చేస్తాడు. వాయుగుండం మరీ బలంగా ఉండి తీరం దాటాక కూడా భూమి మీద పడమరకు ప్రయాణించినప్పుడు మాత్రమే మదనపల్లె, పుంగనూరులకు పెద్ద వాన దక్కుతుంది. అటువంటివి ఏటా వచ్చేవి కావు.

నైరుతి నీడలో..

తూర్పున ఈశాన్యం ఆదుకుంటే పడమట నైరుతి ఆదుకోవాలి. కానీ నైరుతి గాలులు అరేబియా సముద్రం నుంచి వస్తూ కేరళ, కర్ణాటకల్లోని పశ్చిమ కనుమల మీదనే తమ నీటిలో అధిక భాగాన్ని వదిలేస్తాయి. కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి 7 వేల మి.మీ.కు పైగా కురిసిన గాలులే, కొన్ని వందల కిలోమీటర్లు దాటి రాయలసీమకు వచ్చేసరికి మేఘం కంటే గాలినే ఎక్కువ తెస్తాయి. జూన్, జూలై నెలల్లో పడమటి మండలాల్లో ఈదురుగాలి వీయడం, మబ్బు పట్టడం, చినుకు రాలకపోవడం రైతులకు బాగా తెలిసిన అనుభవం. దీనినే వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు. చిత్రమేమిటంటే పడమటి మండలాలకు ఈ నీడ రెండు వైపుల నుంచీ పడుతుంది. నైరుతికి పశ్చిమ కనుమలు అడ్డం, ఈశాన్యానికి శేషాచలం అడ్డం.

అయినా అక్కడ ఏడాది వానలో సగానికి పైగా నైరుతి కాలంలోనే వస్తుంది. అది నేరుగా రుతుపవనం తెచ్చే ముసురు కాదు. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా పగలు నేల బాగా వేడెక్కి, సాయంత్రానికి మేఘాలు నిట్టనిలువుగా పెరిగి ఉరుములు మెరుపులతో కురిసే వాన. బెంగళూరు, కోలారు ప్రాంతాల తరహాలోనే కుప్పం, పలమనేరు, మదనపల్లె ఈ సాయంకాలపు వానల మీద ఆధారపడతాయి. తిరుపతికి నవంబరు అతి వానల నెల కాగా, మదనపల్లెకు సెప్టెంబరు, అక్టోబరు నెలలే ముఖ్యం. ఉరుముల వాన స్వభావం వేరు. ఒక చెరువు గట్టుకు ఇవతల నిండా తడిపి అవతల దుమ్ము లేపుతుంది. ఒక పల్లెలో చేను తడిస్తే పక్క పల్లెలో కల్లం కూడా తడవదు. మండలానికి ఒకటి చొప్పున వర్షమాపకం పెట్టి లెక్కకట్టే విధానానికి ఇక్కడే చిక్కు వస్తుంది.

వర్షమాపకం ఏం చెబుతుంది?

సాధారణ వర్షమాపకం గరాటు మూతి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు. అంటే అడ్డంగా సుమారు 16 సెంటీమీటర్లు. ఉమ్మడి జిల్లా విస్తీర్ణం 15,152 చదరపు కిలోమీటర్లు. 66 మండలాలకు పంచితే ఒక్కో మండలం సుమారు 230 చదరపు కిలోమీటర్లు. దశాబ్దాల పాటు అంత విస్తీర్ణానికి తహసీల్దారు కార్యాలయం ఆవరణలోని ఆ ఒక్క గరాటే సాక్షి. తర్వాతి కాలంలో స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు వచ్చి ఆ కొరతను కొంత తీర్చాయి. ఉరుముల వానకు మాత్రం అవీ చాలవు.

ఉదయం 8.30 గంటలకు కొలిచిన నీరు అంతకుముందు 24 గంటల్లో కురిసిన వానగా నమోదవుతుంది. కనుక శుక్రవారం జాబితాలో కనిపించే సంఖ్య చాలావరకు గురువారం కురిసిన వానదే. 2.5 మి.మీ. లేదా అంతకు మించి పడితేనే దానిని వర్షపు రోజుగా లెక్కిస్తారు. 24 గంటల్లో 64.5 మి.మీ. చేరితే భారీ వర్షం, 115.6 మి.మీ. చేరితే అతి భారీ వర్షం, 204.4 మి.మీ. దాటితే అత్యంత భారీ వర్షం అని వాతావరణ శాఖ పరిభాష.

మి.మీ. అన్న మాట వినడానికి చిన్నదిగా ఉంటుంది. చదరపు మీటరు నేల మీద ఒక మి.మీ. వాన అంటే ఒక లీటరు నీరు. ఆ లెక్కన ఎకరా మీద ఒక మి.మీ. అంటే నాలుగు వేల లీటర్లు. ఒక్క రోజున 100 మి.మీ. కురిస్తే ఎకరాకు నాలుగు లక్షల లీటర్లు దిగినట్లు. బోరుబావి నుంచి అంత నీరు తోడాలంటే ఎన్ని రోజుల కరెంటు కావాలో పడమటి రైతు చెప్పగలడు. అక్కడ వెయ్యి అడుగులు దాటి తవ్వినా చుక్క రాని బోర్లు ఎన్నో.

పంపకంలోనే తేడా

ఇంగ్లండులోని లండన్ నగరం వానలకు పేరు మోసింది. అక్కడ ఏడాదికి కురిసేది సుమారు 600 మి.మీ. మాత్రమే. అంటే తంబళ్లపల్లె కంటే తక్కువ. అయితే లండన్‌లో అది వందకు పైగా రోజుల్లో సన్నని జల్లులుగా పడుతుంది. ఎండ తక్కువ కావడంతో నేల తడి ఆరదు. పడమటి మండలాల్లో 700 మి.మీ. కురిసేది నలభై, యాభై రోజుల్లోనే. అందులోనూ అధిక భాగం నాలుగైదు పెద్ద వానలదే. మిగతా రోజుల ఎండ, గాలి కలిసి పడినదానిని ఆవిరి చేస్తాయి. వాన ఎంత అన్నదానికంటే ఎప్పుడు, ఎన్ని దఫాలుగా అన్నదే పంటకు ప్రాణం.

వేరుశనగనే తీసుకుంటే పంట కాలం సుమారు 110 నుంచి 120 రోజులు. ఇంచుమించు 500 మి.మీ. నీరు కావాలి. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో విత్తనం వేసిన రైతుకు ఆగస్టులో ఊడలు దిగే సమయాన వాన తప్పనిసరి. ఆ పదిహేను, ఇరవై రోజులు నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగదు. తర్వాత సెప్టెంబరులో ఎంత కురిసినా ఆకు పచ్చబడుతుందే తప్ప కాయ పెరగదు. నాలుగు నెలల వాన మొత్తం సాధారణమని రికార్డుల్లో ఉన్న ఏడాది కూడా చెట్టుకు రెండు కాయలతో ముగిసిన సందర్భాలు పడమటి మండలాల్లో తక్కువేమీ కాదు. పడమటి రైతు క్రమంగా వేరుశనగ వదిలి టమోటా, మల్బరీ, పాడి పశువుల వైపు మళ్లడంలో ఈ అనిశ్చితి పాత్ర పెద్దది. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటిగా పేరొందిన మదనపల్లె నిలిచింది బోరు నీటి మీద, డ్రిప్పు పైపుల మీద.

తూర్పు రైతుకు కష్టం మరో రకం. కోతకు వచ్చిన వరి నవంబరు వానకు నేలకొరుగుతుంది. వానలు డిసెంబరు చివరి దాకా లాగితే మామిడి పూత ఆలస్యమవుతుంది. తోతాపురి మీద, గుజ్జు పరిశ్రమల మీద ఆధారపడిన రైతులకు అది మరుసటి వేసవి ఆదాయంపై పడే దెబ్బ.

ఇక కరవు లెక్క. వాన సాధారణం కంటే 19 శాతం వరకు అటూ ఇటూ ఉంటే సాధారణమే. 20 నుంచి 59 శాతం తగ్గితే లోటు, 60 శాతం అంతకు మించి తగ్గితే తీవ్ర లోటు. సత్యవేడులో సగటు 1,100 మి.మీ. అనుకుంటే, 20 శాతం లోటు వచ్చిన ఏడాది కూడా అక్కడ 880 మి.మీ. కురిసినట్లు. తంబళ్లపల్లెలో నూటికి నూరు శాతం సాధారణ వర్షం కురిసినా 700 మి.మీ. దగ్గరే ఆగుతుంది. జాబితాలో మొదటిది లోటు, రెండోది సాధారణం. ప్రతి మండలాన్నీ దాని సొంత సగటుతోనే పోల్చడం శాస్త్రీయమే. అయితే పడమటి సగటే పంట అవసరానికి అంచున ఉన్నందున, అక్కడ 15 శాతం తగ్గుదలను ‘సాధారణం’ అనే పదం దాచేస్తుంది. కేంద్రం 2016లో సవరించిన కరవు నిర్వహణ నియమావళిలో మొత్తం వర్షపాతంతో పాటు వాన విరామాన్ని కూడా ప్రమాణంగా చేర్చారు. వరుసగా మూడు, నాలుగు వారాలు సాధారణంలో సగం కూడా కురవకపోతే దానిని విరామంగా గుర్తిస్తారు. మెట్ట రైతుకు మొత్తం వాన లెక్క కంటే ఈ లెక్కే ముఖ్యం. పత్రికల్లోనూ కుండపోత కురిసిన మండలం పేరు పతాక శీర్షికకు ఎక్కినంత సులభంగా, ఇరవై రోజులు చినుకు రాలని మండలం పేరు ఎక్కదు.

చలి జాబితా తిరగబడుతుంది

డిసెంబరు, జనవరి వచ్చేసరికి వరుస తలకిందులవుతుంది. వానలో వెనుక ఉన్న మదనపల్లె చలిలో ముందుకొస్తుంది. రాయలసీమలో అత్యల్ప ఉష్ణోగ్రత నమోదయ్యే కేంద్రాల్లో మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం పేరు తరచుగా వినిపిస్తుంది. క్షయ రోగులకు పొడి గాలి, చల్లదనం మేలు చేస్తాయన్న నమ్మకంతోనే 1910 దశకంలో అక్కడ శానిటోరియం నెలకొల్పారు. వాన తక్కువ కావడం ఆ ఊరికి ఆ విధంగా కలిసి వచ్చింది.

అంతకంటే చల్లని చోటు హార్స్‌లీహిల్స్. ఎత్తు 1,265 మీటర్లు. స్థానికులు ఏనుగు మల్లమ్మ కొండ అని పిలుచుకునే ఆ కొండపై బ్రిటిషు కాలంలో కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ విడిది కట్టించుకోవడంతో ఆ పేరు స్థిరపడింది. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్కన తిరుపతి కంటే హార్స్‌లీహిల్స్ ఏడు డిగ్రీల వరకు చల్లగా ఉండాలి. వేసవిలో అక్కడికి వెళ్లినవారి అనుభవమూ అదే.

అక్కడ మంచు కురుస్తుందన్న మాట పర్యాటకుల నోట వినిపిస్తుంటుంది. తెలుగులో పొగమంచు, చెట్ల మీద పడే తుషారం, హిమాలయాల్లో కురిసే హిమం అన్నింటికీ మంచు అన్న ఒక్క మాటే వాడటం ఈ గందరగోళానికి మూలం. హార్స్‌లీహిల్స్‌లో తెల్లవారుజామున కమ్ముకునేది కొండను తాకిన మేఘమే. విశాఖ మన్యంలోని లంబసింగిలో సున్నా దగ్గరకు ఉష్ణోగ్రత పడిపోయినప్పుడు గడ్డి మీద తెల్లగా పేరుకునేది గడ్డకట్టిన తేమ. ఆకాశం నుంచి హిమం కురవాలంటే మేఘం నుంచి నేల దాకా గాలి సున్నాకు దగ్గరగా ఉండాలి. ఈ అక్షాంశంలో, ఈ ఎత్తులో అది జరిగేది కాదు. చిత్తూరు జిల్లాలో ఆకాశం నుంచి గడ్డగా పడేది వడగళ్లు మాత్రమే. అవీ ఏప్రిల్, మే నెలల ఉరుముల వానల్లో. పది నిమిషాల వడగళ్ల వానకు టమోటా తోటలు, కోతకు వచ్చిన మామిడి కాయలు నేలపాలవుతాయి.

2021 నవంబరు నేర్పిన లెక్క

తూర్పు-పడమర విభజనను ఇటీవలి కాలంలో చెరిపేసిన వాన 2021 నవంబరు నాటిది. బంగాళాఖాతంలోని వాయుగుండం నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది. తీరం దాటాక కూడా తేమగాలి ఆగలేదు. ముందురోజు నుంచే తిరుమల, తిరుపతి అతలాకుతలమయ్యాయి. ఘాట్‌రోడ్లపై రాకపోకలు నిలిపివేయాల్సి వచ్చింది. తిరుపతిలో వీధులు కాలువలయ్యాయి. స్వర్ణముఖి ఉప్పొంగింది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు నవంబరు 21న నీటి ఊట బయటపడటంతో దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని చెప్పుకునే ఆ చెరువు కట్ట నిలిచేనా లేదా అని జనం రోజుల తరబడి నిద్ర మానుకున్నారు. డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్‌రోడ్డుపై కొండరాళ్లు విరిగిపడ్డాయి. వానలు తగ్గాక కూడా నానిన కొండ జారుతుందని ఆ ఘటన తెలియజెప్పింది.

అన్నిటికంటే పెద్ద విషాదం జిల్లా సరిహద్దు దాటి జరిగింది. బాహుదా, పింఛా నదులు చిత్తూరు జిల్లా పడమటి కొండల నుంచే కడప జిల్లాలోకి దిగి చెయ్యేరుగా మారతాయి. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక మేటలుగా ఉండే నదులవి. ఆ రెండింటి పరీవాహకంలో కురిసిన అసాధారణ వర్షానికి ముందు పింఛా ప్రాజెక్టు, నవంబరు 19 ఉదయం రాజంపేట వద్ద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టలు తెగిపోయాయి. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. వాన తక్కువ పడే ప్రాంతమని పేరుపడిన చోట వరద ప్రమాదాన్ని తక్కువగా అంచనా వేయడం ఎంత ఖరీదైనదో చెయ్యేరు తీరం చూసింది. సగటు తక్కువ ఉన్న చోట ఒక్కరోజు అతి వర్షం రాదని ఏ రికార్డూ హామీ ఇవ్వదు.

అంతకుముందు 2015 నవంబరులో చెన్నైని ముంచిన వానల్లోనూ జిల్లా తూర్పు భాగం తడిసి ముద్దయింది. ఆ వెంటనే 2016లో ఈశాన్య రుతుపవనాలు ఘోరంగా విఫలమయ్యాయి. 2018లోనూ అదే పరిస్థితి. ముంచే ఏడాదికి, ఎండే ఏడాదికి నడుమ సాధారణ సంవత్సరాలు ఎన్ని ఉంటాయో చెప్పడం కష్టమే.

కురిసిన నీరు ఎటు పోతుంది?

తూర్పున అంత కురిసినా అక్కడ నిలిచేది కొంతే. అరణియార్ నీరు పిచ్చాటూరు జలాశయం నిండితే తమిళనాడుకు వెళుతుంది. కుశస్థలి నీరు కృష్ణాపురం జలాశయం గేట్లు ఎత్తితే పూండి వైపు, అక్కడి నుంచి చెన్నై వైపు సాగుతుంది. కాళంగి పులికాట్‌లో కలుస్తుంది. స్వర్ణముఖి శ్రీకాళహస్తి మీదుగా బంగాళాఖాతానికి చేరుతుంది. ఈ నదులన్నీ చిన్నవి, వాలు ఎక్కువ. కొండల్లో కురిసిన వాన గంటల్లోనే జిల్లా దాటిపోతుంది. వేలాది చెరువులు, కుంటలు తవ్వించిన పూర్వులకు ఈ సంగతి బాగా తెలుసు. ఒక చెరువు మరవ నీరు కింది చెరువుకు చేరేలా గొలుసుగా కట్టారు. ఆ గొలుసులో ఒక్క వాగు ఆక్రమణకు గురైనా వరద కాలంలో నీరు ఊళ్లోకి వస్తుంది, ఎండకాలంలో కింది చెరువు ఎండుతుంది. 2021లో తిరుపతి నగరంలో కొన్ని కాలనీలు రోజుల తరబడి నీట నానడానికి వానతో పాటు ఇదీ కారణమే.

పడమట పాలార్ కథ మరోలా ఉంటుంది. కర్ణాటకలో పుట్టి కుప్పం ప్రాంతం మీదుగా 33 కిలోమీటర్లు ప్రవహించి తమిళనాడులో ప్రవేశించే ఈ నది ఎక్కువ సంవత్సరాలు పేరుకే నది. ఆ లోటు తీర్చడానికి శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా జలాలను పుంగనూరు, కుప్పం ఉపకాలువలకు ఎత్తిపోసే పథకం దశాబ్దాలుగా సాగింది. 2025 ఆగస్టులో కుప్పం సమీపంలోని పరమసముద్రం వద్ద ఆ నీటికి జలహారతి ఇచ్చారు. కాలువ నీరు చెరువులకు చేరితే భూగర్భ జలం పెరిగి బోర్లకు ఊపిరి వస్తుందని పడమటి రైతుల ఆశ. అయితే ఆ కాలువ పారడానికీ శ్రీశైలం నిండాలి. శ్రీశైలం నిండాలంటే మహారాష్ట్ర, కర్ణాటకల్లోని కనుమల మీద నైరుతి గట్టిగా కురవాలి.

చిత్త కార్తె అక్టోబరు 10 ప్రాంతంలో, స్వాతి కార్తె అక్టోబరు 23 ప్రాంతంలో, విశాఖ కార్తె నవంబరు 6 ప్రాంతంలో ప్రవేశిస్తాయి. మదనపల్లె వైపు రైతుకు చిత్త దాటితే ఆ ఏటి వాన మీద ఆశ సన్నగిల్లుతుంది. సత్యవేడు వైపు అసలు వాన అప్పుడే మొదలవుతుంది.